బూట్లు లేని జట్టుకి నాగా కెప్టెన్

మా హాస్టల్లో సాయంత్రం గ్రౌండ్‌కి వెళ్తే చాలు, "ఆట కావాలా, డిగ్రీ కావాలా" అని అడుగుతారు. మేం తల వంచుకుని లోపలికి వచ్చేస్తాం. ఈ రెండిటినీ వదలని మన ఆదివాసీ ఒకాయన ఉన్నారు, తాలిమెరెన్ ఆవో.

1918లో నాగా కొండల్లోని చాంగ్‌కీ ఊళ్లో పుట్టారు. తండ్రి టైఫాయిడ్‌తో చనిపోతూ, కొడుకు డాక్టర్ కావాలని కోరుకున్నారు. గౌహతి కాటన్ కాలేజీ, ఆ తర్వాత కలకత్తాలో మెడిసిన్. అది చదువుతూనే మోహన్ బగాన్‌కి ఆడి కెప్టెన్ అయ్యారు. ఆడింది సెంటర్ హాఫ్‌లో. గోల్ కొట్టినోడి పేరు అందరికీ తెలుస్తది, అడ్డం నిలబడినోడిని ఎవరు చూస్తారు?

1948 లండన్. స్వాతంత్ర్యం వచ్చాక మన తొలి ఒలింపిక్స్. ప్రారంభ వేడుకలో జెండా పట్టింది ఈయనే, ఫుట్‌బాల్ కెప్టెనూ ఈయనే. జులై 31న ఫ్రాన్స్‌తో మ్యాచ్. మనవాళ్లలో ఎక్కువమంది ఉత్త కాళ్లతోనే ఆడారు. రెండు పెనాల్టీలు పోయాయి. రామన్ గోల్‌తో 1-1 అయింది, ఆఖర్లో ఫ్రాన్స్ ఇంకోటి కొట్టి 2-1తో గెలిచింది. ఆ రెండిట్లో ఒక్కటి పడుంటే... అని మేం రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం.

1950లో ఎంబీబీఎస్ అయింది. తర్వాత ఆయన కొండలకే తిరిగొచ్చారు, ప్రభుత్వ డాక్టరుగా. నాగాలాండ్ ఆరోగ్య శాఖ డైరెక్టర్‌గా 1978లో రిటైరయ్యారు, 1998లో పోయారు.

మా జీకే పుస్తకంలో 1948 ఒలింపిక్స్ అంటే హాకీ బంగారు పతకం ఒక్కటే ఉంది. దాని పక్కన పెన్నుతో ఈయన పేరు రాసుకున్నాం.