గుట్టు చేతులు మారితే

మా ఖరగ్‌పూర్ ట్రాఫిక్‌లో ఒకరు క్వార్టరు ఖాళీ చేసి ఇంకొకరు దిగితే, కొత్తవారికి గోడలే దక్కుతాయి, పాతవారి ఇంటి గుట్టు దక్కదు. కంపెనీ చేతులు మారితే గుట్టు కూడా వెళ్తుంది.

1956 జనవరి 19న 245 బీమా సంస్థల నిర్వహణను ప్రభుత్వం తీసుకుంది. సెప్టెంబరు 1న ఎల్‌ఐసీ పుట్టింది. పాలసీలతో పాటు జనం వయసూ, జబ్బులూ, నామినీల వివరాలూ వెళ్ళాయి. 1923లో పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. దాంతో ఖాతాదారుల వివరాలూ అక్కడికే చేరాయి.

2023 డేటా రక్షణ చట్టం 17వ సెక్షన్ చూడండి. కోర్టో ట్రిబ్యునలో ఆమోదించిన విలీనానికి అవసరమైతే మన సమ్మతి అక్కర్లేదు. భద్రంగా ఉంచే బాధ్యత మాత్రం ఉంటుంది.

నేను లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. అమ్మకం ధర కట్టేటప్పుడు ఖాతాదారులు అందరికీ గుర్తొస్తారు. అనుమతి అడగాల్సినప్పుడు ఎందుకు గుర్తురారు?