లోహం మీద తొలి నీటి పొర

లోహాన్ని అంటుకున్న తొలి నీటి పొర ఎలా ఉంటుంది? 1982లో డోరింగ్, మేడీ ఇచ్చిన జవాబు చాలాకాలం నిలిచింది. రుథేనియం స్ఫటికం మీద వారు చేసిన ప్రయోగాల ప్రకారం, అది మంచుగడ్డ నుంచి కోసి తీసినట్టున్న షడ్భుజాల అల్లిక. ఒక అణువు లోహాన్ని పట్టుకుంటే పక్కది కాస్త ఎత్తున ఉంటుంది. 1987లో థీల్, మేడీ రాసిన సుదీర్ఘ సమీక్షతో ఈ ‘రెండంతస్తుల’ నమూనా ఇంచుమించు పాఠ్యాంశమైపోయింది.

ఆ నమూనాకు ప్రధాన ఆధారం ఎలక్ట్రాన్ వివర్తనం. అది అసంఖ్యాకమైన అణువుల సగటు అమరికనే చెబుతుంది. 1994లో హెల్డ్, మెంజెల్ అదే రుథేనియం మీద భారజలాన్ని పరిశీలిస్తే, రెండంతస్తులూ దాదాపు ఒకే మట్టానికి వచ్చాయి. పొరలో సగం అణువులు విచ్ఛిన్నమై ఉండటమే ఇందుకు కారణమని 2002లో ఫైబెల్‌మన్ వాదించాడు. తగవు ముదిరింది.

అణువులను విడివిడిగా చూపగల స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపును బిన్నిగ్, రోరర్ 1981లోనే జ్యూరిక్ సమీపంలోని ఐబీఎం ప్రయోగశాలలో రూపొందించారు. సన్నని లోహపు మొన ఉపరితలాన్ని తాకకుండా సాగుతుంటే, మధ్యలోని ఖాళీని దాటే విద్యుత్తు ఎత్తుపల్లాలను పట్టిస్తుంది. చిక్కల్లా నీటితోనే. గది వేడిమిలో, శూన్యంలో ఉన్న లోహం మీద అది నిలవదు. చలిలోనూ అణువులు కదులుతూనే ఉంటాయి.

2002లోనే మిత్సుయి, సాల్మెరాన్ తదితరులు ఆ కదలికనే విషయంగా తీసుకున్నారు. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నింటికన్నా ఆసక్తికరమైన ఘట్టం అదే. 40 కెల్విన్ల వద్ద, అంటే సున్నాకు 233 సెల్సియస్ డిగ్రీల దిగువన, పల్లాడియం మీద ఒంటరి అణువులు ఒక స్థానం నుంచి పక్క స్థానానికి గెంతుతూ కనిపించాయి. రెండు కలిస్తే జంట బరువెక్కి నెమ్మదిస్తుందనుకుంటాం. జరిగింది పూర్తిగా వేరు: జంట వేగం పదివేల రెట్లకు మించి పెరిగింది! హైడ్రోజన్ బంధం పొడవుకూ పల్లాడియం పరమాణువుల ఎడానికీ పొత్తు కుదరకపోవడమే ఇందుకు మూలమని వారు భావించారు; రెండింటికీ ఒకేసారి అనువైన చోటు దొరకదు. అయిదు, అంతకు మించి అణువులు చేరాకే గుంపు నిదానిస్తుంది. ఆరింటి వలయం ప్రత్యేకించి స్థిరమైనది. దాని నుంచే తేనెపట్టు వంటి అల్లిక పెరిగింది.

షడ్భుజం అక్కడ నెగ్గినా అన్ని లోహాల మీదా నెగ్గలేదు. 2009లో కారాస్కో బృందం, రాగి స్ఫటికపు ఒక ముఖం మీద పంచభుజాలతో అల్లిన మంచు గొలుసులను వివరించింది. మరుసటి ఏడాది నీ, ఫైబెల్‌మన్, బార్టెల్ట్, తూర్మర్ ప్లాటినం మీది నీటి పొరను చిత్రించారు. షడ్భుజాలు పాత నమూనా చెప్పిన దిశకు 30 డిగ్రీలు తిరిగి ఉన్నాయి. వాటి నడుమ త్రిభుజాకారపు పల్లాలు. ఆ పల్లాల్లో ఉన్నవి పడుకున్న నీటి అణువులనీ, వాటి చుట్టూ అయిదు, ఏడు అణువుల వలయాలున్నాయనీ తేల్చడానికి చిత్రం ఒక్కటే చాలలేదు. క్వాంటం గణనలూ తోడు కావలసి వచ్చాయి.