కాగితం మీద కుటుంబం

1950 మే 10న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 9 కోట్ల రూపాయల ప్రభుత్వ పత్రాలను ఒక కుటుంబ ట్రస్టుకు రాసిచ్చారు. ఆ నిధిని లెక్కకు 175 సమాన భాగాలు చేసి, చాలా మటుకు బంధువుల పేర పెట్టారు. మరుసటి ఏడాది నగలకూ ఒక ట్రస్టు వచ్చింది. అప్పటికి దేశంలో సంపద పన్ను లేదు, మరణించినవారి ఆస్తిపై పన్నూ లేదు. కాబట్టి దాన్ని పన్ను ఎత్తుగడ అనడం తొందరపాటే. పన్నే తర్వాత వెతుక్కుంటూ వచ్చింది. 1957 నాటి సంపద పన్ను చట్టం కింద ఆ ట్రస్టు వాటాలను ఎలా లెక్కగట్టాలన్న వివాదం సుప్రీంకోర్టులో తేలేసరికి 1977.

ఆస్తి పన్నుల వరస 1953లో, మరణించినవారి ఆస్తిపై వేసే ఎస్టేట్ డ్యూటీతో మొదలైంది. కేంబ్రిడ్జి ఆర్థికవేత్త నికొలాస్ కాల్డార్ 1956లో ఇచ్చిన నివేదిక తర్వాత సంపద పన్ను, వ్యయ పన్ను, దానాల పన్ను వెంట వెంటనే వచ్చాయి. కాల్డార్ ఇంకో మాట కూడా చెప్పాడు: ఆదాయ పన్ను గరిష్ఠంగా 45 శాతం దాటకూడదని. కొత్త పన్నులను తీసుకున్న ప్రభుత్వం ఈ సలహాను మాత్రం పక్కన పెట్టింది. 1973-74కల్లా 2 లక్షలు దాటిన ఆదాయంపై సర్‌చార్జీతో కలిపి 97.75 శాతం. అంటే పైన సంపాదించిన ప్రతి వంద రూపాయల్లో మిగిలేది రెండు రూపాయల పావలా!

అలాంటి రోజుల్లో ఆడిటరు దగ్గరికి వెళ్లిన ఆసామికి వినిపించే మొదటి సలహా పంపకాలే. ఉమ్మడి కుటుంబాన్ని ఒక మనిషిగా లెక్కించే పద్ధతి 1886 చట్టం నాటిది. తండ్రి తన పేర ఒక లెక్క, కుటుంబ కర్తగా మరో లెక్క చూపవచ్చు. బాండ్లో దుకాణమో పంచుకుని ఇల్లు మాత్రం ఉమ్మడిగా ఉంచుకుంటే పాక్షిక పంపకం. పొయ్యి ఒకటే, ఖాతాలు నాలుగు. భార్య, మైనరు పిల్లల పేర్లకు ఆదాయం మళ్లించే దారిని 1937లోనే కొంత మూశారు. పాక్షిక పంపకాలకు 1978 డిసెంబరు 31ని గడువు చేసి, ఆ తర్వాత జరిగినవాటిని పన్ను లెక్కలో గుర్తించబోమన్నారు.

వ్యవసాయ ఆదాయానికి కేంద్ర పన్ను లేదు గనక డెల్టా రైతు బెడద వేరు: భూ పరిమితి. 1973 భూ సంస్కరణల చట్టం వస్తోందన్న కబురు అందగానే పొలాలు చేతులు మారాయి. ఇది ముందే పసిగట్టిన చట్టం 1971 జనవరి 24 తర్వాతి బదిలీలను అనుమానంగానే చూసింది.

ఎస్టేట్ డ్యూటీ గరిష్ఠ రేటు 85 శాతం దాకా వెళ్లినా ఏటా వచ్చింది సుమారు 20 కోట్లే. వసూలు ఖర్చూ ఎక్కువేనంటూ వి.పి. సింగ్ 1985 మార్చి 16 నుంచి దాన్ని ఎత్తేశారు. 1998లో దానాల పన్ను, 2015 బడ్జెట్‌తో సంపద పన్ను పోయాయి.

ఉమ్మడి కుటుంబం మాత్రం పోలేదు. అన్నదమ్ములు వేరు కాపురాలు పెట్టినా, తండ్రి పేరున్న కుటుంబానికి ఇప్పటికీ విడిగా పాన్ కార్డు దొరుకుతుంది. దాని నాలుగో అక్షరం హెచ్.