మొరిటా చికిత్స

మొరిటా చికిత్స ఆందోళన రుగ్మతలకు జపాన్‌లో రూపొందిన మనశ్చికిత్సా విధానం. టోక్యోలోని జికేయి వైద్య కళాశాల ఆచార్యుడు, మానసిక వైద్యుడు మొరిటా షోమా (1874–1938) దీని కర్త. ఆయన పేరును మొరిటా మసటకే అని కూడా రాస్తారు. ఆందోళనను నిర్మూలించే ప్రయత్నమే ఆందోళనను పెంచుతుందనీ, భయం ఉండగానే చేయవలసిన పని చేసుకుపోవడం నేర్చుకుంటే భయం తన బలం తానే కోల్పోతుందనీ ఈ విధానం చెబుతుంది. చదువులో, కొలువులో పైకి రాణిస్తూ లోలోపల బెంగతో, అతిజాగ్రత్తతో నలిగిపోయేవారి కోసం ప్రత్యేకంగా ఆలోచించిన తొలితరం చికిత్సల్లో దీన్ని ఒకటిగా చెప్పవచ్చు. ఇటీవల హై ఫంక్షనింగ్ యాంగ్జైటీ అన్న పేరుతో వ్యవహారంలోకి వచ్చిన స్థితికీ, మొరిటా వర్ణించిన మనస్తత్వానికీ దగ్గరి పోలికలున్నాయి.

నేపథ్యం

1869లో అమెరికన్ వైద్యుడు జార్జ్ బియర్డ్ ప్రచారంలోకి తెచ్చిన న్యూరస్థీనియా, అంటే నాడీ దౌర్బల్యం, అన్న రోగనామం 19వ శతాబ్దం ముగిసేనాటికి జపాన్‌కు చేరింది. మెయ్‌జీ యుగపు కొత్త విశ్వవిద్యాలయాల్లో పోటీపడి చదివే విద్యార్థులు, ప్రభుత్వోద్యోగులు, రచయితలు గుండెదడ, తలనొప్పి, నిద్రలేమి, ఏకాగ్రత లోపం అంటూ వైద్యుల దగ్గరికి వెళితే ఎక్కువగా ఈ పేరే వినిపించేది. నరాలు అలసిపోయాయన్న నమ్మకంతో మందులు, విశ్రాంతి సూచించేవారు. మొరిటా అప్పటి పాశ్చాత్య పద్ధతులను వరుసగా ప్రయత్నించి చూశారు. వాటిలో వైర్ మిచెల్ విశ్రాంతి చికిత్స, ఒట్టో బిన్స్‌వాంగర్ నియమిత దినచర్య, పాల్ దుబ్వా హేతుబోధ, హిప్నాటిజం ఉన్నాయి. ఒక్కోదానిలో కొంత ఉపయోగం కనిపించినా ఏదీ నిలకడైన ఫలితమివ్వలేదని ఆయన అభిప్రాయం. వాటిలో పనికొచ్చిన భాగాలను ఆయన తరువాత తన విధానంలో కలుపుకున్నారు.

కర్త జీవితం

మొరిటా 1874 జనవరిలో షికోకు దీవిలోని తోసా సీమలో, నేటి కోచి ప్రిఫెక్చర్‌లో పుట్టారు. తండ్రి బడిపంతులు, కొడుకు చదువు విషయంలో చాలా కఠినంగా ఉండేవారంటారు. తొమ్మిది, పదేళ్ల వయసులో ఒక గుడిలో నరకయాతనల చిత్రం చూసి మరణభయంతో వణికిపోయారనీ, ఆ భయం ఏళ్ల తరబడి వదలలేదనీ దాదాపు అన్ని జీవితచరిత్రలూ చెబుతాయి.

1898లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయ వైద్యశాఖలో చేరిన మొదటి ఏడాదే ఆయనకు నాడీ దౌర్బల్యం, బెరిబెరి ఉన్నాయని వైద్యులు చెప్పారు. అదే సమయంలో ఇంటి నుంచి డబ్బు రావడం ఆగింది. తండ్రి తనను వదిలేశాడన్న రోషంతో, చస్తే చస్తానని మందులు మానేసి పరీక్షలకు కూర్చున్నారు. మార్కులు బాగా వచ్చాయి, లక్షణాలూ కనిపించకుండా పోయాయి. ఈ కథనం ప్రధానంగా మొరిటా స్వయంగా రాసుకున్నదాని మీదే ఆధారపడింది కాబట్టి వివరాల్లో కొంత సవరణ ఉండవచ్చు. అయినా లక్షణాలతో పోరాటం మానినప్పుడే అవి తగ్గాయన్న ఆయన సిద్ధాంతానికి మూలం ఈ అనుభవమేనని అంగీకరించవచ్చు.

1902లో పట్టా పుచ్చుకున్న తరువాత మొరిటా జపాన్ మనోవైద్యానికి ఆద్యుడైన కురే షూజో దగ్గర, సుగామో ఆసుపత్రిలో పనిచేశారు. చికిత్స ఎప్పుడు మొదలైందన్న విషయంలో రెండు లెక్కలున్నాయి. తనకు తెలిసిన ఒక నర్సును మొరిటా 1919లో తన ఇంట్లోనే ఉంచుకుని ఇంటిపనులు చేయించగా ఆమె కోలుకుంది. ఎక్కువమంది దీన్నే ఆరంభంగా తీసుకుంటారు. సిద్ధాంతం అచ్చులోకి వచ్చిన 1920ల తొలి సంవత్సరాలను కొందరు ప్రామాణికంగా చూస్తారు. పద్ధతి ముందు ఇంట్లో రూపుదిద్దుకుని ఆ తరువాత పుస్తకంలోకి ఎక్కింది కనుక మొదటి లెక్కే సమంజసంగా కనిపిస్తుంది. ప్రధాన గ్రంథం 1928లో వెలువడింది. దాని ఆంగ్లానువాదం 1998లో వచ్చింది.

సిద్ధాంతం

ఈ చికిత్సకు తగిన వ్యక్తిని మొరిటా షింకేషిత్సు అన్నారు. అంతర్ముఖత్వం, ఆత్మపరిశీలన, పరిపూర్ణత మీద పట్టుదల, ఆరోగ్యం గురించి అతిగా కలవరపడే స్వభావం దీని లక్షణాలు. దీనిలో మూడు రకాలున్నాయి: సాధారణ రకం; అబ్సెషన్లు (వదలని ఆలోచనలు), భయాలు ప్రధానంగా ఉన్న రకం; హఠాత్తుగా ఆందోళన దాడిచేసే రకం. నలుగురిలో ముఖం ఎర్రబడుతుందేమో, ఎదుటివారికి ఇబ్బంది కలిగిస్తానేమో అన్న భయాలు రెండో రకంలో ప్రముఖం.

లక్షణం ఎలా ముదురుతుందో మొరిటా ఇలా వివరించారు. సభలో మాట్లాడబోయే ఉద్యోగికి గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. ఇది సహజం. కానీ అతను దాన్ని లోపంగా భావించి గుండె మీదే ధ్యాస పెడతాడు. ధ్యాస పెట్టేకొద్దీ దడ స్పష్టంగా తెలుస్తుంది. తెలిసేకొద్దీ ధ్యాస మరింత అటే పోతుంది. దీనికి తోడు, తనలాంటివాడికి భయం కలగకూడదు అన్న ఆదర్శం అతనిలో పాతుకుపోయి ఉంటుంది. ఉన్న స్థితికీ ఉండాలనుకునే స్థితికీ మధ్య ఈ ఘర్షణను మొరిటా ఆలోచనా వైరుధ్యం అన్నారు. ధ్యాస పెంచే దడా, ఈ వైరుధ్యమూ కలిసి మనిషిని చిక్కులో పడేసే స్థితిని తొరావరే అంటారు. దీనికి మొరిటా జెన్ సంప్రదాయం నుంచి తీసుకున్న ఉపమానం గుంజకు కట్టిన గాడిద: విడిపించుకోవాలని చుట్టూ తిరిగేకొద్దీ తాడు గుంజకు చుట్టుకుని, చివరికి కదలడానికే వీలుండదు.

సిద్ధాంతంలో రెండో సగం దీనికంటే లోతైనది. భయానికి వేరు బలహీనతలో లేదనీ, బాగా బతకాలన్న బలమైన కోరికలోనే ఉందనీ మొరిటా వాదించారు. దీన్ని సెయ్ నో యొకుబో, అంటే జీవనేచ్ఛ, అన్నారు. గౌరవంగా బతకాలన్న తపన ఎంత గాఢమైతే అవమానభయం అంత గాఢం. ఆరోగ్యం మీద మమకారం ఎంతో మరణభయం అంత. కాబట్టి భయాన్ని విడిగా కోసి తీసేయడం కుదరదు. భావాల గురించి ఆయన చెప్పిన సూత్రాలూ దీనికి అనుబంధమే: ఏ భావాన్నయినా కదిలించకుండా వదిలేస్తే అది పెరిగి, ఒక హద్దుకు చేరి, దానంతటదే తగ్గుతుంది, ఎగదోస్తే నిలుస్తుంది. భావం మన అదుపులో లేదు, ప్రవర్తన మన అదుపులో ఉంది. వచ్చిన భావాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఉండనిచ్చి పనిలోకి దిగే వైఖరికి అరుగమామ అని పేరు.

నాలుగు దశలు

సంప్రదాయ చికిత్స ఆసుపత్రిలో లేదా వైద్యుడి ఇంట్లో సాగుతుంది. మొరిటా కాలంలో రోగులు ఆయన కుటుంబంతో కలిసే ఉండేవారు. చికిత్సలో ఆయన భార్య హిసాయికి గణనీయమైన పాత్ర ఉందని నేటి పరిశోధకులు గుర్తిస్తున్నారు.

మొదటిది పూర్తి శయ్యావిశ్రాంతి. దాదాపు వారంరోజులు రోగి ఒక గదిలో ఒంటరిగా పడుకుంటాడు. భోజనం, కాలకృత్యాలు తప్ప మరే పనీ ఉండదు; పుస్తకాలు, సంభాషణ, సందర్శకులు నిషిద్ధం. తొలిరోజుల్లో హాయిగా అనిపిస్తుంది. తరువాత భయాలన్నీ విజృంభిస్తాయి. తప్పించుకునే దారి లేక వాటితోనే ఉండిపోతే అవి వాటంతటవే చల్లబడటం రోగి స్వయంగా చూస్తాడు. చివర్లో విసుగు పుట్టి లేచి ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. ఆ విసుగు కోసమే ఈ దశ.

రెండో దశలో నాలుగైదు రోజుల నుంచి వారం దాకా తేలికపాటి పనులుంటాయి. పగలంతా ఆరుబయట గడుపుతూ చెట్లను, పురుగులను, పరిసరాలను గమనించడం, ఆకులు ఊడ్చడం వంటివి చేస్తాడు. రాత్రి దినచర్య రాస్తాడు. వైద్యుడు దాని మీద ఎర్రసిరాతో వ్యాఖ్యలు రాసి ఇస్తాడు. లక్షణాల గురించిన ఫిర్యాదులకు ఆ వ్యాఖ్యల్లో జవాబు దాదాపు ఉండదు. ఫుమోన్ అనే ఈ మౌనం ఉపేక్ష కాదు, చికిత్సలో భాగం.

మూడో దశ ఒకటి నుంచి మూడు నెలలు: తోటపని, కట్టెలు కొట్టడం, వంట, పశుపక్షుల సంరక్షణ, తోటి రోగులతో ఉమ్మడి బాధ్యతలు. ఇక్కడ చూపు లక్షణం మీద నుంచి పని అడిగేదాని మీదికి మళ్లుతుంది. నాలుగో దశలో రోగి బయటి పనుల మీద ఊళ్లోకి వెళ్లి వస్తూ, ఉద్యోగానికో చదువుకో తిరిగి అలవాటు పడతాడు.

జెన్‌తో సంబంధం

పాశ్చాత్య రచనల్లో మొరిటా చికిత్సను జెన్ చికిత్స అని పిలవడం కద్దు. మొరిటా రచనల్లో జెన్ సూక్తులు విరివిగా కనిపిస్తాయి. క్యోటోలో ఈ విధానాన్ని వ్యాప్తి చేసిన ఉసా గెన్యూ జెన్ భిక్షువు కూడా. ఆయన సాన్‌సెయ్ ఆసుపత్రి స్థాపనకు కొందరు 1922నీ, మరికొందరు 1927నీ చూపుతారు. మొదటిది చిన్న వైద్యశాలగా తెరిచిన ఏడు, రెండోది పూర్తిస్థాయి ఆసుపత్రిగా మారిన ఏడు అనుకుంటే రెండూ పొసగుతాయి. ఆ ఆసుపత్రి 2014 చివర్లో మూతపడింది. అయితే తన పద్ధతి జెన్ నుంచి పుట్టలేదనీ, పోలికలు తరువాత కనిపించాయనీ మొరిటా స్వయంగా చెప్పారు. ఆసుపత్రి అనుభవం, స్వానుభవం, ఐరోపా పద్ధతుల ప్రయోగం కలిసిన ఫలితమన్న వాదనకే ఆధారాలు ఎక్కువ. జెన్ ఆయనకు ప్రధానంగా భాషనిచ్చింది.

వ్యాప్తి

1920ల చివర, 1930ల ఆరంభంలో తొహోకు ఇంపీరియల్ విశ్వవిద్యాలయానికి చెందిన మనోవిశ్లేషణవాది మరుయి కియోయసుతో మొరిటా వైద్యసదస్సుల్లో తీవ్రంగా వాదించారు. ప్రసిద్ధ రచయిత కురతా హ్యకుజో మొరిటా వద్ద చికిత్స పొందినవారిలో ఒకరు. అబ్సెషన్లు ఉండగానే రచన కొనసాగించమన్నది ఆయనకు మొరిటా ఇచ్చిన సలహా అని చెబుతారు. మొరిటా తరువాత జికేయిలో కోరా టకేహిసా (1899–1996) ఈ బాధ్యత స్వీకరించారు.

1952లో మనోవిశ్లేషకురాలు కరెన్ హోర్నై జపాన్ వెళ్లి మొరిటా వైద్యులను కలుసుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో ఆమె మరణించడంతో ఆ ఆసక్తి గ్రంథరూపం దాల్చలేదు. 1970లో కోలుకున్నవారి స్వయంసహాయక సంఘం సెయ్‌కత్సు నో హక్కెన్‌కయ్ ఏర్పడింది. 1976లో డేవిడ్ రేనాల్డ్స్ ఆంగ్ల గ్రంథం అమెరికాకు ఈ విధానాన్ని పరిచయం చేసింది. మొరిటా చికిత్సా సంఘం 1983లో జపాన్‌లో మొదలైంది. 1990లలో చైనాలో కూడా ఆసుపత్రులు దీన్ని అనుసరించాయి.

విజయవంతులలో ఆందోళన

హై ఫంక్షనింగ్ యాంగ్జైటీ అధికారిక రోగనామం కాదు. రోగ వర్గీకరణ పట్టికలైన డీఎస్ఎం-5లో గానీ ఐసీడీ-11లో గానీ అది లేదు. ఉద్యోగం సజావుగా సాగుతున్నంత మాత్రాన రోగం లేనట్టు కూడా కాదు. జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్‌కు డీఎస్ఎం కనీసం ఆరు నెలల అదుపులేని చింతతో పాటు తీవ్రమైన బాధ గానీ, పనిలో ఆటంకం గానీ ఉండాలంటుంది. రెండూ ఉండి తీరాలనలేదు. ఎన్నడూ సెలవు పెట్టని మనిషి కూడా చికిత్సకు అర్హుడే.

ఇలాంటివారు చికిత్సకు వెనకాడటానికి ఒక సాధారణ కారణం, ఈ కంగారు పోతే తన పనితనమూ పోతుందేమోనన్న భయం. మొరిటా సిద్ధాంతంలో దీనికి సూటి సమాధానం ఉంది. కంగారుకూ కృషికీ మూలం ఒకటే జీవనేచ్ఛ. చికిత్స ఆ ఇచ్ఛను ముట్టుకోదు, అది లక్షణాలతో పోరులో వృథా కాకుండా చూస్తుంది.

పని చేస్తే సరిపోతుందన్న సందేశంగా దీన్ని తీసుకుంటే మాత్రం అతిగా పనిచేసేవారికి హాని జరుగుతుంది. ఒక నివేదికను పని కోరినంత మేరకు సరిచూడటం వేరు, భయం తగ్గించుకోవడానికి పదోసారి సరిచూడటం వేరు. రెండోది పని రూపంలో ఉన్న పలాయనం. ఇలాంటివారికి కొత్త పనికంటే ముందు పని ఆపి భయాన్ని ఉండనివ్వడమే అభ్యాసం. శయ్యావిశ్రాంతి దశ విలువ వీరి విషయంలోనే ఎక్కువగా తెలుస్తుంది. నెలల తరబడి ఆసుపత్రిలో ఉండటం నేడు కొద్దిమందికే సాధ్యం కాబట్టి, సంభాషణ, దినచర్యల ఆధారంగా సాగే బయటిరోగి పద్ధతికి జపాన్ నిపుణులు 2009లో మార్గదర్శకాలు ప్రకటించారు. టోక్యో శివారు కొమాయెలోని జికేయి మూడో ఆసుపత్రి ఇన్‌పేషెంట్ చికిత్సకు ప్రసిద్ధి పొందింది.

ఆధారాలు, పరిమితులు

నియంత్రిత పరిశోధనలు తక్కువ. ఆందోళన రుగ్మతలపై 2015 నాటి కాక్రేన్ సమీక్షకు చైనాలో జరిగిన ఏడు చిన్న అధ్యయనాలు, 449 మంది రోగుల సమాచారమే దొరికాయి. వాటి నాణ్యత తక్కువ కావడంతో సమీక్షకులు నిర్ధారణకు రాలేకపోయారు. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ బృందం కుంగుబాటు ఉన్న 68 మందితో చేసిన ప్రయోగం 2018లో ప్రచురితమైంది. వీరిలో కొందరికి ఆందోళన రుగ్మత కూడా ఉంది. పెద్ద అధ్యయనం సాధ్యమేనా అని చూడటమే దాని ఉద్దేశం. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి ఉన్నంత ఆధారబలం దీనికి ఇంకా లేదు. ఆలోచనలను తర్కంతో సరిదిద్దే ఆ పద్ధతికంటే, ఆలోచనలను ఉండనిచ్చే యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీకి మొరిటా విధానం దగ్గరగా ఉంటుంది. కాలక్రమంలో మొరిటాదే ముందు.

తీవ్రమైన కుంగుబాటు, ఆత్మహత్య తలంపులు, సైకోసిస్, మత్తు వ్యసనం ఉన్నవారికి సంప్రదాయ పద్ధతి తగదు. శయ్యావిశ్రాంతిని వైద్య పర్యవేక్షణ లేకుండా ఇంట్లో ప్రయత్నించకూడదు. ఈ విధానం వైద్యుడి మాటకు మితిమీరిన అధికారం ఇస్తుందన్న విమర్శలో కొంత నిజముంది. బయటిరోగి పద్ధతిలో అది తగ్గింది. నేడు అవసరాన్ని బట్టి మందులతో కలిపి కూడా వాడుతున్నారు. పరిశోధన ఎటు తేల్చినా, భయపడుతూనే సమర్థంగా బతికే మనిషిని బలహీనుడిగా కాక, బతుకు మీద గాఢమైన కోరిక ఉన్నవాడిగా చూడటం ఈ విధానం మనశ్చికిత్సకు చేసిన స్థిరమైన దోహదం.