ఎమెరిటస్

ఎమెరిటస్ లాటిన్ భాషలోని ఒక భూత కృదంతం, అనగా క్రియాధాతువు నుండి పుట్టి విశేషణంగా ప్రవర్తించే పదం. 'సంపాదించు, అర్హత పొందు' అనే అర్థాలున్న 'మెరేరె' క్రియకు, పని తుదికంటా సాగిందని తెలిపే 'ఎ' ఉపసర్గ చేరి 'ఎమెరేరె' కాగా, దాని మీద 'తుస్' ప్రత్యయం రావడంతో ఈ రూపం ఏర్పడింది. ఈ ప్రత్యయమూ, సంస్కృతంలో 'కృత', 'గత' వంటి పదాలను సాధించే క్త ప్రత్యయమూ ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుండి వచ్చినవి. సాధారణంగా కర్మణ్యర్థాన్నిచ్చే ఈ రూపం, 'గతుడు' అన్నప్పటి వలెనే, ఇక్కడ కర్తకు అన్వయిస్తుంది. అదే క్రియను రూపంలో కర్మణిగా, అర్థంలో కర్తరిగా 'ఎమెరేరి' అని కూడా వాడటం ఇందుకు తోడ్పడింది. పుంలింగంలో ఎమెరిటస్, స్త్రీలింగంలో ఎమెరిటా, నపుంసకంలో ఎమెరిటుమ్ అని లింగాన్ని బట్టి రూపం మారుతుంది.

రోమనులు సైన్యంలో కొలువు చేయడాన్ని 'జీతం సంపాదించడం' అనేవారు కనుక, ఆ సంపాదన ముగించిన సైనికుడు ఎమెరిటస్ అయ్యాడు. ఈ పదానికి నిండు గౌరవం రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలంలో దక్కింది. ఆయన క్రీ.పూ. 25లో స్పెయిన్ యుద్ధాల నుండి విడుదల చేసిన సైనికులను గ్వాడియానా నది ఒడ్డున స్థిరపరచి నెలకొల్పిన నగరం పేరే ఎమెరిటా అగస్టా. లుసిటేనియా రాష్ట్రానికి రాజధానిగా వెలసిన ఈ నగరమే నేటి మెరిడా, దాని పురావస్తు సముదాయం 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. లీజియన్ అనే రోమన్ దళంలోని సైనికుని సేవాకాలాన్ని అగస్టస్ క్రీ.పూ. 13లో 16 ఏళ్ళుగా నిర్ణయించి, క్రీ.శ. 5లో 20 ఏళ్ళకు పెంచి, విరమణ బహుమానం 12,000 సెస్టర్‌షియస్ నాణేలని ఖరారు చేశాడు. మరుసటి ఏడు ఇందుకై ప్రత్యేక సైనిక ఖజానాను నెలకొల్పి, తన సొంత ధనం నుండి 17 కోట్ల సెస్టర్‌షియస్‌లు జమచేసి, వారసత్వపు ఆస్తిపై నూటికి 5, వేలం అమ్మకాలపై నూటికి 1 వంతున పన్ను విధించడం దూరదృష్టి గల ఏర్పాటు. ఆ కాలపు కవి ఓవిడ్ తన 'ఫాస్తి' కావ్యంలో పని ముగించుకొన్న నాగలికి సైతం ఈ విశేషణాన్ని చేర్చాడు.

మధ్యయుగాలలో లాటిన్ విద్యావంతుల భాషగా నిలవడంతో పదమూ నిలిచింది. ఆధునిక కాలంలో ఇది సైన్యాన్ని వీడి విశ్వవిద్యాలయాలకు, చర్చికి చేరింది. పదవీవిరమణ ఆమోదం పొందిన కాథలిక్ బిషప్పుకు 1983 నాటి చర్చి ధర్మసంహిత ఈ బిరుదునిస్తుంది. 2013లో పదవి వీడిన 16వ బెనెడిక్ట్ 'పోప్ ఎమెరిటస్' అనిపించుకొన్నారు.

తెలుగునాట పదవీవిరమణ చేసిన ప్రతి ఆచార్యుడూ విశ్రాంత ఆచార్యుడే గాని, ఎమెరిటస్ ప్రొఫెసర్ అన్నది విశ్వవిద్యాలయం ఎంపిక చేసి ఇచ్చే గౌరవం. లాటిన్ వ్యాకరణం ప్రకారం ఆచార్యురాలికి 'ఎమెరిటా' అనడమే సాధువైనా, వ్యవహారంలో స్త్రీలకు కూడా పుంలింగ రూపాన్నే తరచుగా వాడుతున్నారు.