39 వేలలో ఒకటి

ఇబ్రహీంపట్నం ఫెర్రీ, పవిత్ర సంగమం మెట్లు. కృష్ణ నీళ్లు మీ పాదాలు తడుపుతున్నాయి. తల తిప్పితే వీటీపీఎస్ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు. 1979 నుంచి అక్కడ బొగ్గు మండుతోంది. బొగ్గులో రవ్వంతగా ఉండే సీసం, ఆర్సెనిక్ చాలావరకు బూడిదలో చేరతాయి. ఈ నీళ్లేమో దిగువన ప్రకాశం బ్యారేజీకి చేరి విజయవాడ కుళాయిల్లోకి, డెల్టా కాలువల్లోకి వెళ్తాయి. ఇందులో సీసం ఉందా? ఆ ప్రశ్న ఇక్కడే అడగాలి.

సీసాలో నీళ్లు పట్టారు. బంగారు ఎలక్ట్రోడు ముంచారు. ఇక మీరూ అయానంత చిన్నగా అయిపోయి లోపలికి రండి.

ఎంత తోపులాటో చూడండి! తాగునీటిలో కాల్షియం లీటరుకు 75 మిల్లీగ్రాముల దాకా ఆమోదమే, సీసం 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. నీళ్లు సరిగ్గా ఆ రెండు హద్దుల మీదే ఉంటే, ఒక్కో సీసం అయాన్ చుట్టూ దాదాపు 39 వేల కాల్షియం అయాన్లు. ఆ ఒక్కదాన్నే పట్టాలి.

ఎదురుగా బంగారం మీద వరినారులా ఒత్తుగా గ్రాహక అణువులు. ఒక్కోదానికి ఒక వలయం, దాని పక్కనే ఫెర్రోసీన్: రెండు కార్బన్ చక్రాల నడుమ ఒక ఇనుప పరమాణువు. 1967లో రసాయనవేత్త పెడర్సన్ ప్రకటించిన క్రౌన్ ఈథర్ వలయాల్లో ఉన్నది ఆక్సిజన్. కాల్షియంకు అదే ఇష్టం. అందుకే ఇక్కడ కొన్నిచోట్ల గంధకం, నత్రజని పెట్టారు. కాల్షియం వచ్చి తాకి, జారిపోతోంది. సీసం వచ్చి కూర్చుంది.

వోల్టేజి పెరుగుతోంది. ఇనుము ఒక ఎలక్ట్రాన్ వదిలి ధనావేశం పొందాలి. కానీ పక్కనే సీసం రెండు ధనావేశాలతో ఉంది. ఇనుము మొరాయిస్తుంది, ఇంకాస్త వోల్టేజి కావాలంటుంది. బయట తెరమీద విద్యుత్ ప్రవాహపు వక్రరేఖ శిఖరం ధన దిశగా జరుగుతుంది.

నా మటుకు అసలు విద్య వలయానికీ ఇనుముకూ మధ్య ఉన్న వంతెనలో ఉంది. అది పొడవైతే మధ్యలో నీళ్లు చేరి ఆవేశాన్ని కప్పేస్తాయి, సీసం వచ్చిన సంగతి ఇనుముకు తెలియదు. ఇలాంటి గ్రాహకాలెన్నో అసిటోనైట్రైల్ అనే కర్బన ద్రావణిలో అద్భుతంగా పనిచేస్తాయి. మనవాళ్లు తాగేది కృష్ణ నీళ్లు. పరీక్ష అందులోనే జరగాలి.

శిఖరం జరిగింది సీసం వల్లేనా? కొంచెం ఈడీటీఏ కలపండి. అది కాల్షియం కన్నా సీసాన్ని ఎంతో గట్టిగా పట్టుకుంటుంది. వలయాలు ఖాళీ అయి శిఖరం పాత చోటికి వస్తే, అప్పుడు ఆ కొలతను పుస్తకంలో రాయండి.