మంచు మీద మార్కులు వేసేదెవరు?

ఫిగర్ స్కేటింగ్ మార్కుల్లో దేశాభిమానం ఎలా చొరబడిందో చెప్పే రచనల్లో ఎక్కువ భాగం ఒకే దారిలో నడుస్తాయి. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో తూర్పు కూటమి జడ్జీలు తమ వాళ్లను, పశ్చిమ జడ్జీలు తమ వాళ్లను గెలిపించుకున్నారు. 2002లో సాల్ట్ లేక్ సిటీలో గుట్టు రట్టయింది. తర్వాత వచ్చిన కొత్త మార్కుల పద్ధతి ఆట పరువు నిలిపింది అని. మహిళల విభాగం చరిత్రను కొంచెం నిదానంగా చదివితే ఈ వరుస మొదట్లోనూ నిలవదు, చివర్లోనూ నిలవదు. పక్షపాతం ప్రచ్ఛన్న యుద్ధం కన్నా పాతది. సంస్కరణ పేరుతో చేసిన పనుల్లో ఒకటి దాన్ని పద్నాలుగేళ్ల పాటు దాచిపెట్టింది.

తొలి రోజుల సంగతి తెలిసిందే. 1902లో బ్రిటన్‌కు చెందిన మ్యాడ్జ్ సయర్స్ మగవాళ్లతో ప్రపంచ పోటీలో దిగి రెండో స్థానం సాధించింది. ఆడవాళ్లకు వేరే పోటీ 1906లో మొదలైంది. అసలు కథ 1927లో ఓస్లోలో ఉంది. ఆ ఏడాది ప్రపంచ పోటీకి ఐదుగురు జడ్జీలు: ముగ్గురు నార్వే వాళ్లు, ఒకరు ఆస్ట్రియా, ఒకరు జర్మనీ. అంతకుముందు వరసగా ఐదుసార్లు గెలిచిన ఆస్ట్రియా అమ్మాయి హెర్మా సాబోకు చివరి ఇద్దరూ మొదటి స్థానం ఇచ్చారు. నార్వే జడ్జీలు ముగ్గురూ తమ దేశపు పద్నాలుగేళ్ల సోన్యా హెనీని ఎంచుకున్నారు. హెనీ గెలిచింది. సాబో ఆ తర్వాత ప్రపంచ సింగిల్స్ పోటీల్లో దిగలేదు. గొడవ ముదిరాక అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య ఒక దేశానికి ఒకే జడ్జి అన్న నియమం తెచ్చింది. నియమం మంచిదే. కానీ ఆ ఒక్క జడ్జినీ ఎంపిక చేసి పంపే అధికారం ఆ దేశపు సమాఖ్య చేతిలోనే ఉండిపోయింది. నా దృష్టిలో ఈ చరిత్రకంతటికీ కీలకం ఈ ఒక్క విషయమే.

తర్వాత కూడా చాలా ఏళ్లు నిర్బంధ ఆకృతుల కాలమే. మంచు మీద గీసిన గీతలను జడ్జీలు వంగి చూసి మార్కులు వేసేవారు. ప్రేక్షకుడికి ఏమీ కనిపించేది కాదు. 1972లో సపోరో ఒలింపిక్స్‌లో ఆస్ట్రియాకు చెందిన ట్రిక్సీ షూబా ఫ్రీ స్కేటింగ్‌లో ఏడో స్థానంలో ఉండి కూడా ఆకృతుల బలంతో స్వర్ణం గెలిచింది. అది పక్షపాతం కాదు, అప్పటి నియమమే అంత. టీవీ ప్రేక్షకులు పెరిగాక ఆకృతుల విలువ తగ్గుతూ వచ్చి 1990తో ముగిసింది.

ఇక కూటముల మాట. సోవియట్ జడ్జీల మీద ఆరోపణలు ఊరికే పుట్టినవి కావు. 1977-78 సీజన్‌లో వాళ్లందరినీ అంతర్జాతీయ సమాఖ్య పక్కన పెట్టింది. 1994లో లిల్లెహామర్ ఒలింపిక్స్‌లో ఉక్రెయిన్ అమ్మాయి ఒక్సానా బయూల్, అమెరికా అమ్మాయి నాన్సీ కెరిగన్‌ను 5-4 తేడాతో దాటింది. ఉక్రెయిన్, పోలండ్, చెక్, చైనా, జర్మనీ జడ్జీలు ఒక వైపు. అమెరికా, బ్రిటన్, కెనడా, జపాన్ జడ్జీలు మరో వైపు. జర్మనీ జడ్జి ఒకప్పటి తూర్పు జర్మనీ ఛాంపియన్. పాత గీత మీదే జడ్జీలు చీలారని అందరూ రాశారు. కానీ అదే ఏడాది మార్చిలో జపాన్‌లోని చిబాలో ప్రపంచ పోటీ మళ్లీ 5-4తోనే తేలింది. ఆతిథ్య దేశపు యుకా సాతో గెలిచింది. ఫ్రాన్స్‌కు చెందిన సూర్యా బొనాలీ మొదట పోడియం ఎక్కకుండా పక్కన నిలబడింది, తర్వాత మెడలో వేసిన పతకాన్ని తీసేసింది. ఆ పోరుకూ ప్రచ్ఛన్న యుద్ధానికీ ఏ సంబంధమూ లేదు. 5-4 తీర్పు వచ్చినంత మాత్రాన అన్యాయం జరిగిందని నేను అనను. ఇద్దరూ సమంగా ఆడితే జడ్జీలు అలాగే చీలవచ్చు. అయితే కూటములు కూలిపోయినా అనుమానం పోలేదు, పోవడానికి కారణమూ లేదు.

2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్ జంటల పోటీలో ఫ్రాన్స్ జడ్జి తన సమాఖ్య నుంచి ఒత్తిడి వచ్చిందని మొదట చెప్పింది, తర్వాత మాట మార్చింది. రెండో జంటకూ స్వర్ణం ఇవ్వక తప్పలేదు. అదే ఒలింపిక్స్‌లో అమెరికా అమ్మాయి సారా హ్యూస్ 5-4తో ఇరీనా స్లుత్‌స్కాయాను దాటితే రష్యా ఫిర్యాదు చేసింది, అది నిలవలేదు. పాత 6.0 పద్ధతి పోయి, ప్రతి గెంతుకూ ప్రతి స్పిన్‌కూ విడివిడిగా మార్కులు వేసే పద్ధతి వచ్చింది. దాని గురించి ఎంతో రాశారు. దానితో పాటే వచ్చిన అజ్ఞాత విధానం గురించి రాసింది తక్కువ. జడ్జీల పేర్లు చెప్పేవారు. ఏ మార్కు ఎవరిదో మాత్రం చెప్పేవారు కాదు. ఎవరికి ఎంత వేశారో సమాఖ్యలకు తెలియకపోతే ఒత్తిడి తగ్గుతుందన్నది వాదన.

డార్ట్‌మత్ కళాశాల ఆర్థికవేత్త ఎరిక్ జిట్జెవిట్జ్ మార్కుల లెక్కలు తీసి చూస్తే, సొంత దేశపు జడ్జి వల్ల కలిగే లాభం అజ్ఞాతం వచ్చాక తగ్గకపోగా పెరిగింది. పత్రికలకు, ప్రేక్షకులకు జడ్జిని పట్టుకునే దారి మూసుకుపోయింది కదా! ఆయన పాత పరిశీలనలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. స్కీ జంపింగ్‌లో ఒక జడ్జి తన దేశస్థుడికి ఎక్కువ వేస్తే తోటి జడ్జీలు దాన్ని సరిచేసే వైపు మొగ్గారు. ఫిగర్ స్కేటింగ్‌లో తోటి జడ్జీలూ అటే ఒరిగారు. స్కీ జంపింగ్ జడ్జీలను ఎంచేది అంతర్జాతీయ సంస్థ. స్కేటింగ్‌లో దేశాల సమాఖ్యలు.

అజ్ఞాతపు కాలంలోనే 2014 సోచి వచ్చింది. రష్యాకు చెందిన అదెలీనా సొత్నికోవా 224.59, కొరియాకు చెందిన కిమ్ యునా 219.11. సొంత గడ్డ మీద దొంగిలించిన పతకమని కొరియా అంతా మండిపడింది. లెక్క చూద్దాం. ఫ్రీ స్కేటింగ్‌లో తేడా 5.76. అందులో 3.94 గెంతులు, స్పిన్‌ల మూల విలువలో తేడా. సొత్నికోవా ఏడు ట్రిపుల్స్ (మూడు చుట్ల గెంతులు) చేసింది, కిమ్ ఆరు. నాణ్యత మార్కుల్లో సొత్నికోవాకు 1.91 ఎక్కువ, కాంపొనెంట్స్‌లో, అంటే స్కేటింగ్ పట్టు, సంగీతం వంటి అంశాలకు వేసే మార్కుల్లో, కిమ్‌కు 0.09 ఎక్కువ. అంటే కార్యక్రమం కఠినంగా కూర్చుకోవడం వల్ల వచ్చిన ఆధిక్యమే పెద్దది. దొంగతనం అన్న మాటను ఈ అంకెలు మోయలేవు. నా అభ్యంతరం ఆ 0.09 దగ్గర. స్కేటింగ్ పట్టులో, సంగీతాన్ని ఒంట్లో నింపుకోవడంలో కిమ్‌తో సమానంగా నిలిచినవాళ్లు ఆ రోజు లేరు. గెంతుల కాంబినేషన్ దిగుతూ తడబడిన సొత్నికోవాకు దాదాపు అవే కాంపొనెంట్ మార్కులు ఎలా వచ్చాయి? ఎవరు వేశారో అడగడానికి వీల్లేదు. రష్యా సమాఖ్య డైరెక్టర్ జనరల్ భార్య ఆ రాత్రి జడ్జీల్లో ఒకరు. 1998 నాగానో ఒలింపిక్స్ ఐస్ డాన్స్ మార్కుల వ్యవహారంలో సస్పెండైన ఉక్రెయిన్ జడ్జి మరొకరు. ఎవరు ఏ గెంతు, ఏ స్పిన్ చేశారో తేల్చే సాంకేతిక బృందానికి అధిపతి రష్యన్. ఆ బృందాన్ని నియమించింది అంతర్జాతీయ సమాఖ్యే. కాబట్టి అంతర్జాతీయ సమాఖ్య నియమిస్తే చాలదు, పోటీలో ఉన్న దేశస్థులను ఆ కుర్చీల్లో కూర్చోబెట్టకూడదు కూడా. కొరియా ఫిర్యాదును అదే ఏడాది కొట్టేశారు.

2016లో అంతర్జాతీయ సమాఖ్య డుబ్రోవ్నిక్ సమావేశం అజ్ఞాతాన్ని రద్దు చేసింది. ఫలితం వెంటనే కనిపించింది: 2018 ఒలింపిక్స్ తర్వాత పురుషుల, జంటల పోటీల్లో సొంత దేశానికి మొగ్గిన ఇద్దరు చైనా జడ్జీలను సస్పెండ్ చేయగలిగారు. అయితే అదే ఏడాది నాణ్యత మార్కుల పరిధిని మూడు నుంచి ఐదుకు పెంచి, జడ్జి ఇష్టానికి మరింత చోటిచ్చారు. అది తప్పు అడుగని నా అభిప్రాయం. 2022 మార్చిలో రష్యాను నిషేధించాక మహిళల విభాగంలో గొడవలు సద్దుమణిగాయి. దాన్ని సంస్కరణ ఫలితంగా లెక్కించడం సరికాదు. ప్రధాన పోటీదారు లేనప్పుడు తగువు ఉండదు.

జడ్జీల పేర్లను ఇప్పటికీ దేశాల సమాఖ్యలే పంపుతున్నాయి. జడ్జీలను అంతర్జాతీయ సమాఖ్యే ఎంచి, జీతమిచ్చి, పతకం కోసం పోటీపడే దేశాల వాళ్లను ఆ పోటీకి దూరంగా ఉంచాలి. 1927లోనే చేయాల్సిన పని ఇది.